53వ వీధిలో అమ్మతో ఒక శుక్రవారం

మా ఇంటి తలుపు వెనక ఒక నల్ల గొడుగు వేలాడుతుంటుంది. మూసి ఉంటే మామూలు గొడుగే. తెరిస్తే మాత్రం లోపలంతా నీలి ఆకాశం, దాని మీద తెల్లటి మబ్బులు. ఒక పుల్ల కొంచెం వంగింది. ఒక మూల కుట్టు ఊడితే నేనే సూదీ దారం తీసుకుని కుట్టుకున్నాను. మొన్న వానలో దాన్ని తెరిచి నడుస్తుంటే, అమ్మతో గడిపిన ఒక శుక్రవారం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఇంకా బాగా గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోవాలనిపించింది.

ఆ గొడుగు కొన్నది న్యూయార్క్‌లో, మోమా డిజైన్ స్టోర్‌లో. మోమా అంటే మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్. మన్‌హాటన్‌లో 53వ వీధిలో, ఫిఫ్త్ అవెన్యూకీ సిక్స్త్ అవెన్యూకీ మధ్య ఉంటుంది. మ్యూజియం వీధికి ఇటు పక్క, డిజైన్ స్టోర్ రోడ్డు దాటితే అటు పక్క.

నేను అక్కడికి మొదటిసారి వెళ్ళింది 2005 చలికాలంలో. అప్పుడు కెమిస్ట్రీలో మాస్టర్స్ చేస్తున్నాను. క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్‌లో నలుగురం అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మ్యూజియం టికెట్ 20 డాలర్లు. సబ్‌వే ఒకసారి ఎక్కితే 2 డాలర్లు. ఆ ఒక్క టికెట్ డబ్బుతో వారమంతా కాలేజీకి వెళ్ళి రావచ్చు. అందుకే శుక్రవారం సాయంత్రాల కోసం ఎదురుచూసేదాన్ని. ఆ రోజు 4 నుంచి 8 దాకా టికెట్ లేకుండా లోపలికి పంపేవారు. ఊరంతా అక్కడే ఉందా అన్నట్టు లైను ఉండేది. ఆ చలికి కాలివేళ్ళు మొద్దుబారిపోయేవి. మా రూమ్మేట్ లైనులో నిలబడితే నేను ఎదురుగా ఉన్న షాపులోకి వెళ్ళి పది నిమిషాలు వెచ్చగా నిలబడి వచ్చేదాన్ని. తర్వాత తను వెళ్ళేది.

అలా చలి కాచుకోవడానికి వెళ్ళిన చోటు నాకు మ్యూజియం కంటే ఎక్కువ దగ్గరైంది.

మొదటి రోజు చాలా మొహమాటపడ్డాను. ఏమీ కొననని నాకు తెలుసు, అది వాళ్ళకీ తెలిసిపోతుందేమోనని టెన్షన్. చేతులు కోటు జేబుల్లోంచి తీయకుండా అన్నీ దూరం నుంచే చూస్తున్నాను. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, నేను చూస్తున్న క్యాలెండర్‌ని తీసి నా చేతిలో పెట్టింది. అది ఇటలీలో ఎంజో మారీ అనే డిజైనర్ 1960లలో డానేసే కంపెనీ కోసం చేసిన టిమోర్ క్యాలెండర్. ఒక ప్లాస్టిక్ స్టాండుకి రేకుల్లాంటి పలకలు గుచ్చి ఉంటాయి. రోజు మారగానే ఒక పలకని తిప్పాలి. వారం, తేదీ, నెల, దేనికి దానికి వేరే పలకలు. పాతకాలపు రైల్వే సిగ్నల్ బోర్డుల్ని చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందట. సంవత్సరం అంకె ఉండదు కాబట్టి ఎన్నేళ్ళైనా వాడుకోవచ్చు. "ఈ రోజు తేదీ పెట్టు" అంది ఆవిడ. తిప్పి పెట్టాను. పలక పడినప్పుడు టక్‌మని చిన్న చప్పుడొచ్చింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తు.

ఎదురుగా మ్యూజియంలో ఏ వస్తువు దగ్గరికి ఒక అడుగు ఎక్కువ వేసినా గార్డు చెయ్యి ఎత్తేవాడు. ఇక్కడ వాళ్ళే తీసి చేతికిచ్చారు. పైగా ప్రతి వస్తువు పక్కనా ఒక చిన్న కార్డు. చేసినవాళ్ళ పేరు, కొన్నిటికి సంవత్సరం కూడా. కాఫీ కాచుకునే గిన్నెకీ, ఉప్పుడబ్బాకీ, గోడ గడియారానికీ తయారుచేసిన మనిషి పేరుంటుందని అంతవరకూ నేనెప్పుడూ అనుకోలేదు. పుస్తకానికి రచయిత, పాటకి కవి ఉంటారు. చెంచాకి ఎవరుంటారు? కంపెనీ ఉంటుందనుకున్నాను, అంతే.

కెమెక్స్ కాఫీ పాత్ర ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఎందుకంటే నాకది బాగా తెలిసిన వస్తువే. మా ల్యాబ్‌లో రోజూ వాడే కోనికల్ ఫ్లాస్కు, దాని మీద పెట్టే గరాటు, రెండూ కలిపి ఒకే గాజుగా పోసినట్టుంది. నడుముకి చెక్క పట్టీ, ఆ పట్టీ ఊడకుండా ఒక తోలు తాడు. పీటర్ ష్లుంబోమ్ అనే జర్మన్ కెమిస్ట్ అమెరికా వచ్చి 1941లో చేశాడు. పట్టుకుంటే చెయ్యి కాలకుండా చెక్క పెట్టాడు. నేను రోజూ కడిగి ఆరబెట్టే ఫ్లాస్కుని ఆయన ఇంకో కంటితో చూశాడు. ఆ రోజు రాత్రి సబ్‌వే 'E' ట్రైన్‌లో ఇంటికి పోతూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

తర్వాత నాలుగైదేళ్ళు నెలకోసారైనా వెళ్ళేదాన్ని. కొన్నది చాలా తక్కువ. ఒక పోస్టుకార్డు, ఒక పెన్సిల్, మా ప్రొఫెసర్ రిటైరైనప్పుడు అందరం డబ్బులు వేసుకుని ఒక గడియారం. ఎక్కువసార్లు చూసి, పట్టుకుని, పెట్టేసి వచ్చేదాన్ని. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. స్ప్రింగ్ స్ట్రీట్‌లో, సోహోలో వాళ్ళదే ఇంకో షాపుంది. అక్కడికీ వెళ్ళాను కానీ నా మనసు మాత్రం 53వ వీధి షాపు మీదే.

మ్యూజియం వాళ్ళకి షాపెందుకు అనే ప్రశ్న చాలామంది అడుగుతారు. టికెట్లు చాలక డబ్బు కోసం అనుకుంటారు. డబ్బు కోసమూ ఉంది, అక్కడ అమ్మిన దానిలోంచి మ్యూజియం పనులకి వెళ్తుంది. కానీ షాపు వెనక చాలా పాత ఆలోచన ఉంది. మోమా మొదలైంది 1929లో. 1932కే అక్కడ ఆర్కిటెక్చర్‌కి ఒక విభాగం పెట్టారు. 1934లో ఆ విభాగాన్ని నడిపే ఫిలిప్ జాన్సన్ 'మెషిన్ ఆర్ట్' అని ఒక ప్రదర్శన చేశాడు. స్ప్రింగులు, బాల్ బేరింగులు, ప్రొపెల్లర్, ల్యాబ్ గాజుసామాను, వంటగిన్నెలు, వీటన్నిటినీ శిల్పాల్లాగా పీటల మీద నిలబెట్టాడు. ఆ కేటలాగులో వస్తువు పేరు పక్కన ధర కూడా వేశారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1938 నాటిది. దాని పేరే 'ఐదు డాలర్ల లోపు ఇంటి వస్తువులు'. 1935లో వాన్ గో చిత్రాలు పెట్టి జనాన్ని విపరీతంగా రప్పించిన మ్యూజియం, మూడేళ్ళు తిరిగేసరికి గిన్నెలు, గ్లాసులు, బ్రష్షులు పెట్టి రమ్మంది. ఆర్థిక మాంద్యం ఇంకా పూర్తిగా వదలని రోజులవి. మంచి వస్తువు డబ్బున్నవాళ్ళకే అనుకోకండి, ఇదిగో ఐదు డాలర్ల లోపే దొరుకుతుంది అని చూపించారు. తర్వాతి సంవత్సరాల్లో పది డాలర్ల లోపువి పెట్టారు. 1942లో యుద్ధం నడుస్తుంటే, లోహాలు సైన్యానికి కావాలి కాబట్టి అవి లేకుండా చేసిన వస్తువుల్ని చూపించారు. 1950 నుంచి 1955 దాకా మోమాలో పనిచేసే ఎడ్గర్ కాఫ్‌మన్ జూనియర్, షికాగోలో మర్చండైజ్ మార్ట్ అనే పెద్ద టోకు వ్యాపార కేంద్రంతో కలిసి 'గుడ్ డిజైన్' ప్రదర్శనలు నడిపాడు. అందులో ఎంపికైన వస్తువుకి ఒక చిన్న ట్యాగ్ కట్టి దుకాణాల్లో అమ్మేవారు. 2016లో మోమా తన పాత ప్రదర్శనల ఫొటోలూ కేటలాగులూ అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ ఫొటోలు చూస్తూ ఒక ఆదివారం మొత్తం గడిపేశాను. ఆ పాత్రలు చాలావరకు ఇవాళ మన వంటింట్లో పెట్టినా పాతవాటిలా అనిపించవు.

ఇక అమ్మ సంగతి.

2010 వేసవిలో అమ్మ వచ్చింది. మూడు నెలలుంది. అప్పటికి నాకు ల్యాబ్‌లో ఉద్యోగం, క్వీన్స్‌లోనే సొంతంగా అద్దెకి తీసుకున్న ఒక గది, వంటిల్లు. నేను పొద్దున్నే వెళ్ళిపోతే సాయంత్రం దాకా అమ్మ ఒక్కతే. వంట చేసి, కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వచ్చే పోయే వాళ్ళని చూసేది. "నాకేం తోచకపోవడం లేదే, నువ్వు కంగారుపడకు" అనేది. అంటూనే, నేను ఏ టైముకొస్తానో రోజూ రెండుసార్లు అడిగేది.

జులైలో ఒక శుక్రవారం మధ్యాహ్నమే ఆఫీసు వదిలారు. నేను ఇంటికొచ్చి, "అమ్మా, చీర మార్చుకో, మ్యూజియంకి వెళ్దాం" అన్నాను. రూజ్‌వెల్ట్ అవెన్యూ స్టేషన్‌లో 'E' ట్రైన్ ఎక్కితే నేరుగా ఫిఫ్త్ అవెన్యూ, 53వ వీధిలో దిగొచ్చు. ఆ స్టేషన్ చాలా లోతు. పొడవాటి ఎస్కలేటర్. అమ్మకి ఎస్కలేటరంటే భయం. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు తగిలాయి నాకు అమ్మ వేళ్ళు. కణుపుల దగ్గర బాగా లావెక్కాయి. పట్టుకుంది గానీ, వేళ్ళు పూర్తిగా మూసుకోవడం లేదు.

లోపల చాలా రద్దీగా ఉంది. ఐదో అంతస్తులో వాన్ గో 'స్టారీ నైట్' ముందు జనం కెమెరాలు ఎత్తి నిలబడ్డారు. అమ్మ వాళ్ళ భుజాల సందులోంచి ఒక్క నిమిషం చూసి, "బాగుంది, పద, ఊపిరాడట్లేదు" అంది. పైనుంచి వేలాడే ఆకుపచ్చ హెలికాప్టర్ దగ్గర మాత్రం ఆగింది. 1945లో ఆర్థర్ యంగ్ డిజైన్ చేసిన బెల్ హెలికాప్టర్ అది, ముందు భాగం పెద్ద గాజు బుడగలా ఉంటుంది. "నిజందేనా? ఎగిరేదా?" అని అడిగింది. నిజందేనన్నాను. తల ఎత్తి చాలాసేపు చూసింది.

మూడో అంతస్తులో డిజైన్ గదులు. అక్కడ గాజు పెట్టెలో ఉప్పు, మిరియాల జంట బుడ్లు కనిపించాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పెద్దది వంగి చిన్నదాన్ని దగ్గరికి తీసుకున్నట్టుంటాయి. ఈవా జైసల్ 1945 ప్రాంతంలో చేసింది. బుడాపెస్ట్‌లో పుట్టి, యూరప్‌లో నానా కష్టాలూ పడి న్యూయార్క్ చేరిన మనిషి. 1946లో మోమా ఆవిడ పింగాణీ సామానుతో ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. "తల్లీ పిల్లా" అంది అమ్మ వాటిని చూడగానే. "ఇవి చేసినావిడ ఇంకా ఉందా?" అంది. ఉంది, 103 ఏళ్ళు అన్నాను. "అబ్బ" అని చేతులు జోడించింది, అక్కడే, ఆ పెట్టె ముందు. మరుసటి ఏడాది చివర్లో ఆవిడ పోయినప్పుడు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఎవరో బాగా తెలిసినావిడ పోయినట్టు "అయ్యో" అంది.

ఇంకో పెట్టె దగ్గర అమ్మ ఉన్నట్టుండి గట్టిగా, "ఏమే, ఇది మన సొరుగులో ఉందిగా!" అంది.

చూస్తే నిజమే. నల్లటి లావు పిడి ఉన్న పీలర్. నేను మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్‌లో కొన్నదే. అమ్మ వచ్చినప్పటి నుంచీ బంగాళాదుంపలకీ, ఆనపకాయకీ దాన్నే వాడుతోంది. 'గుడ్ గ్రిప్స్ పీలర్, స్మార్ట్ డిజైన్, 1989' అని పక్కన రాసుంది.

అమ్మ గాజుకి దగ్గరగా వంగి చూసింది. పిడి మీద రెండు వైపులా సన్నటి గీతలుంటాయి, నొక్కితే మెత్తగా లోపలికి పోయే రబ్బరు గీతలు. గాజుకి ఇవతల గాలిలోనే బొటనవేలు ఆడిస్తూ అంది: "ఇది చేసినవాళ్ళింట్లో ఎవరికో వేళ్ళ నొప్పులుండి ఉంటాయి. లేకపోతే ఇలా రాదు."

నాకు నోట మాట రాలేదు. ఆ కథ నాకు తెలుసు. శామ్ ఫార్బర్ అని వంట సామాను వ్యాపారం చేసి రిటైరైన ఒకాయన ఉండేవాడు. భార్య బెట్సీకి వేళ్ళలో కీళ్ళవాతం. ఇద్దరూ సెలవులకి ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు ఆవిడ మామూలు పీలర్‌తో యాపిల్ తొక్క తీయలేక అవస్థ పడింది. అది చూసి ఆయన మళ్ళీ పనిలోకి దిగాడు. న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ వాళ్ళతో కలిసి, నొప్పి ఉన్న చేతికి పట్టు దొరికే పిడి కోసం నమూనా మీద నమూనా చేయించాడు. ఆ మెత్తటి గీతల ఆలోచన సైకిల్ హ్యాండిల్ తొడుగుల్లోంచి వచ్చింది. 1990లో ఆక్సో పేరుతో అమ్మకానికి పెట్టారు. ఇదంతా నేను చదివాను, స్నేహితులకి గొప్పగా చెప్పాను కూడా. అమ్మ చదవలేదు. ఆవిడ వేళ్ళకి తెలిసింది.

చదివి ఏం చేశాను? అమ్మ వచ్చిన దగ్గర్నుంచీ అదే పీలర్ ఆవిడ చేతిలో చూస్తున్నాను. సీసా మూత తిప్పలేక చీర కొంగు చుట్టి తిప్పడం చూశాను. పొద్దున్నే వేన్నీళ్ళలో చేతులు ముంచి కూర్చోవడం చూశాను. "వేళ్ళు నొప్పా అమ్మా?" అని ఒక్కసారి అడగలేదు. అక్కడ నిలబడే అడిగాను. "వయసొచ్చింది కదే" అని పక్క పెట్టె వైపు నడిచింది.

బయటికొచ్చేసరికి ఆరున్నర. రోడ్డు దాటి షాపులోకి వెళ్ళాం.

నాకు మొదటి రోజు ఉన్న మొహమాటం అమ్మకి ఒక్క క్షణం కూడా లేదు. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే ఒక టీ కెటిల్ ఎత్తింది. నీళ్ళు పోస్తున్నట్టు వంచింది. "నిండా నీళ్ళుంటే మణికట్టు లాగేస్తుంది" అని పెట్టేసింది. ఒక గాజు కూజా మూతిలోకి చెయ్యి దూర్చి, "దీన్నెలా తోముతారు?" అంది. ఒక చెక్క గరిటెని మాత్రం చాలాసేపు తిప్పి తిప్పి చూసి "ఇది తెలిసినవాళ్ళు చేశారు" అంది. నేను ఐదేళ్ళుగా కార్డులు చదువుతూ తిరిగిన షాపుని అమ్మ చేత్తో చదివింది. అందమైన వస్తువు, పేరున్న వస్తువు అనే తేడా లేదు ఆవిడకి. రోజూ వాడితే ఎలా ఉంటుంది, అదొక్కటే. డెబ్బై ఏళ్ళ కిందట ఐదు డాలర్ల ప్రదర్శన పెట్టినవాళ్ళు ఎలాంటి మనిషి కోసం పెట్టారో ఆ మనిషి నా పక్కనే నడుస్తున్నట్టనిపించింది.

గొడుగుల దగ్గరికి వచ్చేసరికి బయట ఉరిమింది. న్యూయార్క్ జులై వానలు అంతే, చెప్పకుండా వస్తాయి. షాపు అద్దాల అవతల మనుషులు పరుగెడుతున్నారు. అమ్మ ఒక నల్ల గొడుగు తీసి, ఇంట్లో గొడుగు తెరవకూడదని ఒక్క క్షణం తటపటాయించి, మెల్లిగా తెరిచింది.

లోపల ఆకాశం.

అమ్మ మొహం మారిపోయింది. చిన్నపిల్లలా పైకి చూస్తూ, గొడుగుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. నేను పక్కన దూరాను. దాన్ని 1992లో టిబోర్ కల్మన్, ఇమాన్యుయెలా ఫ్రాటిని మాగ్నుసన్ కలిసి చేశారు. కల్మన్ కూడా బుడాపెస్ట్‌లో పుట్టినవాడే, 1956లో అక్కడ గొడవలైనప్పుడు ఏడేళ్ళ పిల్లాడిగా అమ్మానాన్నలతో అమెరికా వచ్చాడు. యాభై ఏళ్ళైనా నిండకుండా 1999లో పోయాడు. అదంతా చెప్పబోతుంటే అమ్మ, "మబ్బు పట్టినప్పుడే కదా దీన్ని తెరిచేది. అప్పుడు చూసుకోవడానికి పెట్టాడు" అంది.

కొందామన్నాను. ట్యాగ్ చూసి వద్దంది. నలభై డాలర్ల పైనే. బయట వాన పడగానే మెట్రో మెట్ల దగ్గర ఐదు డాలర్లకి గొడుగులు అమ్మేవాళ్ళు వస్తారని ఆవిడకి అప్పటికే తెలుసు, అది కొందామంది. నేను వినలేదు. బిల్లు దగ్గర ట్యాగ్ మీదున్న దానికంటే ఎక్కువైంది. న్యూయార్క్‌లో అమ్మకం పన్ను 8.875 శాతం, ట్యాగ్ మీద అది కలపరు. "రాసింది ఒకటి, తీసుకునేది ఒకటా?" అని అమ్మ ఇంటికెళ్ళేదాకా బాధపడింది.

బయటికొచ్చి ఒకే గొడుగు కింద నడిచాం. స్టేషన్ దగ్గరే అయినా అమ్మ ఫిఫ్త్ అవెన్యూ మీద కొంచెం దూరం నడుద్దామంది. నా చెయ్యి పట్టుకోలేదు, మోచేతి దగ్గర తన చెయ్యి దూర్చింది. అలా అయితే వేళ్ళు మూయనక్కర్లేదు. చీర అంచు మొత్తం తడిసింది. వాన గట్టిగా పడుతుంటే గొడుగులో ఆకాశం కొంచెం ఊగేది, మళ్ళీ నిలబడేది. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక దాన్ని ఆరబెట్టి, తలుపు వెనక కొక్కేనికి తగిలించింది అమ్మే.

సెప్టెంబర్ చివర్లో జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో అమ్మని ఫ్లైట్ ఎక్కించాను. ముందు రోజు పెట్టె సర్దుతుంటే గొడుగు తీసుకెళ్ళమన్నాను. "నువ్వు ఆఫీసుకెళ్ళేటప్పుడు కావాలి, నాకెందుకు" అని తీసుకోలేదు. ఇంకేం పెట్టమంటావంటే ఏమీ వద్దంది.

తర్వాతి రోజు సాయంత్రం వండుకుందామని బంగాళాదుంపలు కడిగి సొరుగు తెరిచాను. పీలర్ లేదు. గిన్నెల స్టాండులో వెతికాను, సింకు కింద వెతికాను. రాత్రి ఫోన్ చేసి, క్షేమంగా చేరావా అంటే, అన్నిటికన్నా ముందు అమ్మ చెప్పింది అదే: "తొక్క తీసేది నేను తెచ్చుకున్నానే. నీకు అక్కడ దొరుకుతుంది కదా."

ఆ శనివారం వెళ్ళి అలాంటిదే ఇంకోటి తెచ్చుకున్నాను.